ఆడగొంతుతో మాట్లాడిన కాక

మొన్న బ్యాంకులో మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికితే రాజమండ్రిలో ఉన్న మా అక్కకు మెసేజ్ రాస్తున్నాను. ‘నువ్వు’ అని కొట్టగానే, కీబోర్డు పైన ఉండే పట్టీలో ఫోను తనంతట తనే తర్వాతి మాట చూపించింది. ‘ఊకో’ అని. మా వైపు ఎవరూ ఊకో అనరు, ఊరుకో అంటాం. ఇంకేం చూపిస్తుందో చూద్దామని ఆ మాట మీద నొక్కాను. ‘జర’ వచ్చింది. అదీ నొక్కాను. ‘నువ్వు ఊకో జర బిడ్డా’ అని పూర్తయింది.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఫోను బల్ల మీద బోర్లించాను. ఆ మాటలు మా కాకవి. తన ఫోన్లో చార్జింగ్ అయిపోయినప్పుడల్లా నా ఫోను లాక్కుని రాసేవాడు. ఆ రాతను నా కీబోర్డు నేర్చుకుంది. ఆయన పోయింది కిందటి వానాకాలంలో. ఆ సంగతి కీబోర్డుకు ఎవరు చెప్తారు?

కాక నాకు చుట్టం కాదు. సూరత్‌కు బదిలీ మీద వచ్చినప్పుడు నవాగామ్‌లో ఆయన ఇంటి పై వాటాలో ఒక్కదాన్నే అద్దెకు దిగాను. వాళ్ల వరంగల్ వైపు లాగే గుజరాతీలో కూడా కాకా అంటే బాబాయే కాబట్టి ఆ గల్లీలో తెలుగువాళ్లు, గుజరాతీలు, బీహార్ వాళ్లు, అందరికీ ఆయన కాకే. ఆయన భార్య కాకీ. నేనూ అలాగే పిలిచాను.

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజున ఆయన మెట్ల మీద నిలబడి నాతో చాలాసేపు మాట్లాడాడు. పెదాలు కదులుతున్నాయి, కనుబొమలు లేస్తున్నాయి, కుడిచెయ్యి ఒకసారి నీళ్ల ట్యాంకును, ఒకసారి గోడను, ఒకసారి నన్ను చూపిస్తోంది. శబ్దం మాత్రం లేదు. మెడకు ముందువైపు పసిపిల్లల జేబురుమాలంత తెల్లగుడ్డ కట్టుకుని ఉన్నాడు. గొంతులో వచ్చిన పుండుకు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారని తర్వాత తెలిసింది. పొగాకూ వక్కా కలిపిన మావా నమిలే అలవాటు అంత పని చేసింది. ఆ మెడ మీది రంధ్రంలోంచే ఊపిరి, దగ్గు, అన్నీ.

ఆయన ఆగగానే పక్కనున్న కాకీ నాతో, “మంచిగుండుమంటున్నడు బిడ్డా. నీ ఇల్లే అనుకొమ్మంటున్నడు” అంది.

అంత ప్రసంగంలోనూ ఉన్నది ఆ రెండు ముక్కలేనా అనిపించింది గానీ, మర్యాదగా నమస్కారం పెట్టేశాను.

తర్వాతి ఆదివారం గోడ గడియారం తగిలిద్దామని మేకు కొడుతుంటే కాక దబదబా మెట్లెక్కి వచ్చాడు. వెనకే కాకీ. ఆయన గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఊపుతూ ఏదో అంటున్నాడు. మొహం ఎర్రబడింది. మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది.

“ఏమంటున్నారు కాకీ?”

“ఏం లేదు బిడ్డా. పైలంగ కొట్టుకొమ్మంటున్నడు, చేతికి తాకుతదని.”

నేను మళ్లీ సుత్తి ఎత్తాను. కాక నుదురు కొట్టుకుని, కింద రాలిన సున్నపు పెచ్చు ఒకటి తీసి, ఎర్ర గచ్చు మీద పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: ‘మొల కొట్టద్దు అన్న. మొదటి రోజే చెప్పిన.’ రాసి, ఆ పెచ్చును భార్య వైపు చూపించాడు.

కాకీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి వెళ్లిపోయింది.

ఇద్దరూ ఒకప్పుడు ఉధ్నా దగ్గర సాంచాల కార్ఖానాలో పనిచేశారు. సాంచాలంటే పవర్‌లూమ్‌లే. ఆయన మగ్గాల మీద, ఆమె కండెలు చుట్టే దగ్గర. ఆ హోరులో అరిచినా పక్కవాడికి వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లంతా పెదాలు చూసి మాట పట్టుకుంటారు. అందుకే ఆపరేషన్ అయ్యాక కూడా వాళ్లిద్దరి మధ్య మాటలకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది బయటివాళ్లతోనే. కాక లోకానికి చెప్పాలనుకున్నది ఏదైనా కాకీ నోటి మీదుగా రావాలి. కాకీ నోరు మంచిది. ఆయన తిడితే ఆమె దీవెనలు అందించేది. ఆయన పొమ్మంటే ఆమె మళ్లీ రమ్మనేది. గల్లీలో అందరూ కాకను జబ్బు చేశాక మెత్తబడిన మనిషి అనుకునేవారు. అది ఆయనకు భరించరాని అవమానంగా ఉండేది.

గచ్చు మీద రాతను చూశాక నాకొక సంగతి తట్టింది. “కాకా, మీకు తెలుగు రాయడం వచ్చు కదా. మీ ఫోన్ ఇలా ఇవ్వండి” అన్నాను.

పైసా కట్టకుండా దొరికేవి రెండు వేసిచ్చాను. ఒకటి, వేలితో తెర మీద రాస్తే అచ్చు అక్షరాలుగా మార్చే కీబోర్డు. రెండోది, రాసింది పైకి చదివే యాప్. బటన్లలో అక్షరాలు వెతుక్కోవడం ఆయన వల్ల కాలేదు గానీ, వేలితో రాయడం మాత్రం వెంటనే పట్టుబడింది. పలక మీద దిద్దినట్టు నెమ్మదిగా రాశాడు. తర్వాత నేను చూపించిన చోట నొక్కాడు.

“నేను మొల కొట్టద్దు అన్న” అని ఫోను పలికింది. చక్కటి ఆడగొంతు. రేడియోలో వార్తలు చదివే అమ్మాయిలా తడబాటు లేకుండా, ఏ కోపమూ లేకుండా.

కాక ఫోన్ తిప్పి వెనకవైపు చూశాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట. కింద వంటింట్లోంచి కాకీ కేక వేసింది: “ఎవలామె? ఎవలొచ్చిండ్రు పైకి?”

ఆ సాయంత్రానికి మా గల్లీలో ఆయన మాట్లాడని మనిషి లేడు.

హాస్పిటల్ వాళ్లు అంతకుముందు ఆయనకొక పరికరం చూపించారట. మెడకు ఆనించి పెదాలు కదిపితే గుర్రుమంటూ మాట వస్తుంది. దాన్ని ఎందుకు వద్దన్నారని అడిగితే, ఫోన్లో రాసి చెప్పించాడు: “బతుకంత సాంచాల మోతల ఉన్న. ఇప్పుడు మెడల గూడ సాంచానా?”

ఫోన్ విషయంలో మాత్రం ఆయన ఆసక్తికి అంతులేదు. నేను బ్యాంకు నుంచి వచ్చే వేళకు మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. ప్రతి రోజూ ఒక కొత్త ప్రశ్న. కామా పెడితే ఆ అమ్మాయి ఆగుతుందని కనిపెట్టాడు. ప్రశ్న గుర్తు పెడితే చివర్న గొంతు పైకి లేస్తుందని కనిపెట్టాడు. ఇక అన్నిటికీ ప్రశ్న గుర్తే. ‘చాయ్ తాగుదాం పట్టు?’ ‘పక్కకు జరుగు?’ యాప్ కొన్ని మాటల్ని తను పుస్తకంలో చదువుకున్నట్టే పలికేది. అలా పలికినప్పుడు కాకకు నచ్చేది కాదు. అక్షరం మార్చి, దీర్ఘం పెంచి, మధ్యలో ఖాళీ వదిలి, తన ఊరి యాస వచ్చేదాకా తంటాలు పడేవాడు. ఆయన రాసింది కంటితో చదివితే తప్పుల తడక. చెవితో వింటే వరంగల్ పక్క పల్లె.

ఒక రోజు సెట్టింగుల్లో పైకీ కిందికీ వెతుకుతూ కనిపించాడు. ఏం కావాలన్నాను. రాశాడు: “ఇండ్ల కోపం ఏడుంటది?”

కోపానికి బటన్ లేదన్నాను. నమ్మలేదు. ఇన్ని పెట్టినవాళ్లు అది పెట్టకుండా ఉంటారా అన్నట్టు చూశాడు. కొన్ని రోజులకు తనే దారి కనుక్కున్నాడు. మాట వేగం పెంచే గీత ఒకటి, స్వరం పెంచే గీత ఒకటి ఉంటాయి కదా, ఆ రెంటినీ కుడివైపుకు జరిపితే ఆ అమ్మాయి గబగబా కీచుగా మాట్లాడుతుంది. అదే కోపం. కూరగాయల బండి దగ్గర బేరం కుదరకపోతే కాక ఏమీ అనకుండా, బండివాడి కళ్లల్లోకి చూస్తూ ఆ గీతల్ని మెల్లగా జరిపేవాడు. గొంతు బయటికి రాకముందే బండివాడు “అరే కాకా, గుస్సా మత్ కరో” అని దండం పెట్టేవాడు.

హిందీకి ఒక గొంతు, గుజరాతీకి ఒక గొంతు కూడా పెట్టించుకున్నాడు. తరచూ అనే మాటలకు పొట్టి గుర్తులు ఎలా పెట్టుకోవాలో నేర్పించాను. ‘చ’ అని రాస్తే ‘చాయ్ తాగుదాం పట్టు’ అని మొత్తం వచ్చేస్తుంది. ‘ఊ’ అని రాస్తే ‘నువ్వు ఊకో జర’. ‘క’ అని రాస్తే ‘గిది మీ కాకీ మాట గాదు, నా మాట’. ఈ మూడోదాన్ని ఆయన అన్నిటికంటే ఎక్కువ వాడాడు.

కాకీకి ఆ గొంతు మొదట్నుంచీ గిట్టలేదు. “పొద్దున లేస్తే ఇంట్ల పరాయి పిల్ల మాటలు. నా మొగడు మాట్లాడుతుండో, ఆమె మాట్లాడుతుందో తెల్వదు” అనేది. ఆమెతో మాట్లాడేటప్పుడు ఆయన ఎప్పుడూ ఫోను వాడలేదు కూడా. ఆమెకు పెదాలు చాలు. ఇంట్లో వాళ్లిద్దరూ కూర్చుంటే చప్పుడు లేని కబుర్లు గంటల తరబడి నడిచేవి. కాకీ కూడా గొంతు విప్పేది కాదు, పాత అలవాటు కొద్దీ పెదాలే కదిపేది. నేను మెట్లు దిగుతూ చూసేదాన్ని. ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ, ఉన్నట్టుండి ఇద్దరూ నవ్వేవారు. వాళ్లు దేనికి నవ్వారో గల్లీలో ఎవరికీ తెలిసేది కాదు.

తర్వాత ఒక ఏడాది కాకీ మాటలు అందించడంలో కొత్త రకం తేడా వచ్చింది. ఆయన ఏదో అంటే ఆమె సంబంధం లేని ఇంకేదో చెప్పేది. ఇదివరకటి మర్యాద కోసం కాదు. ఒకసారి నా ఎదురుగానే ఆయన కళ్లద్దాలు తెమ్మని అడిగాడు. వేళ్లతో కళ్ల దగ్గర సున్నాలు చుట్టి మరీ అడిగాడు. ఆమె లోపలికి వెళ్లి దుప్పటి పట్టుకొచ్చింది. కాక దుప్పటి అందుకుని కప్పుకున్నాడు. ఎండ మండిపోతోంది. ఆమె వెళ్లాక నా వైపు చూశాడు. ఆ చూపు చూసి, మరునాడు సెలవు పెట్టి కాకీని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

షుగర్ కంటి లోపలికి పోయింది. ఎన్నాళ్లనుంచో చెప్పకుండా నెట్టుకొస్తోంది. ఇంజెక్షన్లు చేశారు, లేజర్ పెట్టారు. ఉన్నది నిలబెట్టగలిగారు గానీ పోయింది తేలేకపోయారు. ఆమెకిక వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి వచ్చాడని తెలుస్తుంది. పెదాలు కనపడవు.

ఇంటికొచ్చాక కాక ఆమె ముందు కూర్చుని మామూలుగా మాట్లాడాడు. ఆమె మొహం ఆయన వైపే ఉంది. మాట పూర్తయ్యాక కూడా అలాగే ఉంది. ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగి మళ్లీ అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, వేలితో రాసి నొక్కాడు.

“అన్నం తిన్నవా?” అంది ఆ అమ్మాయి గొంతు.

కాకీ లేచి గోడ పట్టుకుని లోపలికి నడిచింది.

కొన్ని రోజులు అలాగే జరిగింది. కాక ఏం రాసి పలికించినా ఆమె నోరు విప్పలేదు. నాతో మాట్లాడేది, వారానికోసారి వచ్చే కూతురితో మాట్లాడేది, ఆయన ఫోను పలికితే మాత్రం మొహం తిప్పుకునేది. ఒక సాయంత్రం ఆయన మెట్లెక్కి వచ్చి నా చేతిలో ఫోను తీసుకుని రాశాడు: “మీ కాకీ నాతోని మాట్లాడ్తలేదు బిడ్డా. ఆ పిల్లతోని పంచాది పెట్టుకుంది.”

అడుగుదామని కిందికి వెళ్లాను. కాకీ బియ్యం చెరుగుతోంది, చేతి అలవాటు మీద.

“ఎందుకు కాకీ, పాపం ఆయన అంత కష్టపడి రాస్తుంటే?”

“నాకామెతోని ఏం పని బిడ్డా? గవర్మెంటు ఆఫీసుల మేడం లెక్క అడుగుతది, అన్నం తిన్నవా అని. తింటే ఏంది, తినకుంటే ఏంది ఆమెకు? నా మొగడు అడిగినట్టు ఏడున్నది?”

అప్పుడు నాకు గుర్తొచ్చింది, తెలుగులో మగగొంతు కూడా ఉంటుందని. సెట్టింగుల్లో వెతికి పెట్టాను. కాక విని తల ఊపాడు. చిన్నపిల్లాడిలా సంబరపడి, తనే గుమ్మం పక్కన ఆమెకు ఎదురుగా కూర్చుని, మంచి మాట ఒకటి చాలాసేపు ఆలోచించి రాసి నొక్కాడు.

“నేనే. ఎట్లున్నవ్? అన్నం తిన్నవా?” అంది గంభీరమైన మగగొంతు.

కాకీ ఉలిక్కిపడి లేచింది. చేట కిందపడింది. చీర కొంగు లాగి తల మీద కప్పుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

“ఎవల్ని తోలుకొచ్చినవే పిల్లా ఇంట్లకి?”

“ఎవరూ లేరు కాకీ, కాకాయే. ఆయనకని మగగొంతు పెట్టాను.”

“ఆయనది గిట్లుండదు. పరాయి మొగోడు ఇంట్లకొచ్చి అన్నం తిన్నవా అని అడుగుడేంది? సిగ్గు శరం ఉండాలె. వద్దు తల్లీ, ఆ పిల్లే నయం. ఆ పిల్లనే పెట్టు.”

కాక నవ్వాడు. ఆయన నవ్వితే మెడ దగ్గర గుడ్డ కింద ఈల వేసినట్టు గాలి వచ్చేది. ఆ ఈల ఆగకుండా వచ్చింది. ఆ చప్పుడు వినగానే కాకీ కొంగు తీసింది. ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది. గచ్చు మీద బియ్యమంతా చెల్లాచెదురుగా ఉంది.

ఆ రోజు తర్వాత కాక ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కార్ఖానాలో ఎవరినైనా పిలవాలంటే అరవరు కదా, దగ్గరికెళ్లి రెండు వేళ్లతో భుజం తడతారు. ఆయన మొదట ఆమె మణికట్టు మీద అలా తట్టేవాడు. తర్వాత ఫోను ఆమె అరచేతిలో పెట్టి నొక్కేవాడు. గొంతు ఎవరిదైనా, తట్టింది ఆయనే. కాకీ ఫోనుకు కాదు, తట్టిన చేతికి జవాబు చెప్పేది. కొన్నాళ్లకు ఆ అమ్మాయి గొంతు ఆమెకు అడ్డం కాకుండా పోయింది.

కొత్త తగాదా ఒకటి మొదలైంది. ఇప్పుడు మధ్యలో మాటను మెత్తబరిచేవాళ్లు లేరు. ఆయన రాసిందంతా ఉన్నదున్నట్టు ఆమెకే తగులుతోంది. ఒకసారి మందు వేసుకోలేదని ఏదో గట్టిగానే పలికించినట్టున్నాడు. నేను దిగి వచ్చేసరికి కాకీ అంటోంది:

“ఇన్నేండ్లు నీ తిట్లు మందికి తాకకుంట నేను ఆపిన. మరి నాకు తాకకుంట ఎవలాపాలె?”

కాక రాయడం మొదలుపెట్టాడు. నేను పక్కనుంచి చూశాను. ఒక వాక్యం రాశాడు, చదువుకున్నాడు, తుడిపేశాడు. ఇంకొకటి రాశాడు, అందులో ఒక మాట తీసేశాడు. చివరికి మిగిలిన చిన్న ముక్కను ఆమె అరచేతిలో పలికించాడు. “మందు ఏసుకో. నాకు బయమైతది.”

అప్పట్నుంచి ఆయన రాసే తీరే మారిపోయింది. గల్లీలోవాళ్లతో ఎప్పటిలాగే గీతలు జరిపి పోట్లాడేవాడు. ఇంట్లో మాత్రం రాసి, చదువుకుని, తుడిపి, మళ్లీ రాసేవాడు. ఒకసారి నాతో అన్నాడు, అంటే రాసి చెప్పించాడు: “రాసుట్ల ఒక సుఖమున్నది బిడ్డా. పలికేముందే తుడుపొచ్చు. నాకు గొంతున్నప్పుడు గీ సుఖం తెల్వకపాయె.”

పోయిన ఎండాకాలంలో జబ్బు మళ్లీ బయటపడింది, ఈసారి ఊపిరితిత్తుల్లో. హాస్పిటల్లో లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వలేదు. కూతురు బయట కుర్చీలో ఏడుస్తూ కూర్చుంది, నాన్న ఏదో అంటున్నాడు, నాకు అర్థం కావట్లేదు అని. కాకీని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. ఆమె తడుముకుంటూ ఆయన మొహం దొరకబుచ్చుకుంది. పెదాల మీద వేళ్లు పెట్టి అలా ఉంచింది. చాలాసేపు ఏమీ అర్థం కాలేదు ఆమెకు కూడా. ఆయన ఓపిగ్గా అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. చివరికి ఆమె మొహం తేటపడింది.

“ఇంటికి పోదాం అంటున్నడు” అంది కాకీ. తీసుకొచ్చేశాం.

ముందుగదిలో, వీధి కనపడేలా మంచం వేశారు. ఆయన చాలా మటుకు నిద్రలోనే ఉండేవాడు. మెలకువ వచ్చినప్పుడు మాత్రం ప్రశ్నలు మానలేదు. నేను ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాకీ మంచం పట్టె మీద కూర్చుని ఆయన కాళ్లు ఒత్తుతోంది. అక్షరాలు సరిగా పడక, చాలాసేపు తీసుకుని రాసి నొక్కాడు.

“బిడ్డా, గీ ఫోన్ల మాట్లాడే పిల్ల ఎవలి పిల్ల? ఏ ఊరు?”

నాకు తెలిసినంతలో చెప్పాను. ఎవరో ఒకామెను గదిలో కూర్చోబెట్టి రోజుల తరబడి వాక్యాలు చదివిస్తారని, ఆ గొంతును ముక్కలు చేసి యంత్రానికి నేర్పిస్తారని, తర్వాత ఏది రాసినా యంత్రమే ఆ గొంతుతో పలుకుతుందని. ఆమె పేరు మనకు చెప్పరని. మీరు నవాగామ్‌లో ఇలా మాట్లాడుతున్నట్టు ఆమెకు తెలిసే అవకాశం కూడా లేదని.

కాక కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. కాసేపటికి మళ్లీ ఫోను అందుకున్నాడు. ఈసారి రాసింది తుడపలేదు. నొక్కి, ఫోను పొట్ట మీద పెట్టుకున్నాడు.

“పాపం. గన్ని మాటలు చదివితే ఆమెకు గూడ గొంతు నొచ్చి ఉంటది” అంది ఆ అమ్మాయి, తన గురించి తనే, ఎప్పటిలాగే తడబాటు లేకుండా.

కాకీ కాళ్లు ఒత్తడం ఆపి ఫోను ఉన్న వైపు తల తిప్పింది.

“ఉప్పేసి వేడినీళ్లు పుక్కిలించు బిడ్డా” అంది.

కాక తల ఊపి, ఆ మాట కూడా రాసి, ఆ అమ్మాయి చేతే పలికించాడు.